బంగారు అంచు కప్పులు

మా అత్తగారు పోయాక బరంపురంలోని పాత ఇంట్లో అటక దింపితే, ట్రంకుపెట్టెలో పాత నూలు చీరల మడతల మధ్య ఆరు కప్పులు, ఐదు సాసర్లు బయటపడ్డాయి. పాలలాంటి తెలుపు, అంచున బంగారు గీత. మామగారు ఎప్పుడో కలకత్తా నుంచి తెచ్చారట. ఆవిడ ఒక్కనాడూ వాటిలో కాఫీ పోయలేదు. "అందులో ఎముకల పొడి ఉందిట, వంటింట్లోకి తేవద్దు" అనేవారట. అది నిజమో కాదో తెలుసుకుందామని మొదలుపెట్టి, చివరికి నేనే ఆ కప్పులు పోగుచేసే పిచ్చిలో పడ్డాను.

ఆవిడ మాట నిజమే. బోన్ చైనాలో దాదాపు సగం పశువుల ఎముకలు కాల్చిన బూడిద. తక్కిన సగం చైనా క్లే అనే తెల్లమట్టి, కార్నిష్ స్టోన్ అనే రాతిపొడి. చైనా పింగాణీకి దీటైన సరుకు తయారు చెయ్యాలని ఇంగ్లండువారు ఎన్నో పాట్లు పడ్డారు. చివరికి స్టోక్-ఆన్-ట్రెంట్‌లో స్పోడ్ కుటుంబం 1790లలో ఈ పాళ్లు కుదిర్చింది. ఈ బూడిద వల్లే కప్పు పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది. దీపానికెదురుగా పట్టుకుంటే వెనక మన వేళ్ల నీడ కనిపిస్తుంది. గోటితో మీటితే గంటలా మోగుతుంది. బీట ఉంటే మాత్రం బొంగురుగా పలుకుతుంది.

ఇక బంగారం. కప్పుకు గ్లేజు వేసి కాల్చాక, కుంచెతో బంగారం పూసి, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. మేలురకం బంగారం కొలిమిలోంచి మసకగా వస్తుంది. దాన్ని నున్నటి అకీకు రాయితో రుద్ది మెరుగు పెట్టాలి. చవకరకం కాల్చగానే తళతళలాడుతుంది కాని, పొర పలచన కాబట్టి త్వరగా అరిగిపోతుంది.

కొనేముందు కప్పు తిరగేసి ముద్ర చూడండి. "ఇంగ్లండ్" అని ఉంటే సాధారణంగా 1891 తర్వాతది. పరదేశపు సరుకుపై దేశం పేరుండాలని అమెరికా పెట్టిన నిబంధన ఆ ఏడాది అమల్లోకి వచ్చింది. "మేడిన్ ఇంగ్లండ్", "బోన్ చైనా" అన్న మాటలుంటే ఇరవయ్యో శతాబ్దపుది. ముద్రలో కనిపించే పాత సంవత్సరం చాలాసార్లు కంపెనీ పుట్టిన ఏడాదే గాని, కప్పు వయసు కాదు. మా మరిది నూటయాభై ఏళ్ల నాటివని మురిసిన మా కప్పుల మీద "మేడిన్ ఇంగ్లండ్" అనే ఉంది!

నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. మొదట కొన్న పళ్లేన్ని ఇత్తడి చెంబులా చింతపండు పెట్టి పీచుతో తోమాను. సగం బంగారం పీచుతోపాటే పోయింది. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. మైక్రోవేవ్‌లో పెడితే బంగారు అంచు నిప్పురవ్వలు చిమ్ముతుంది. పళ్లేలు ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో గుడ్డముక్క వేయండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక వాటిలో పులుసు, పచ్చడి నిలవ ఉంచకండి.

హైదరాబాదు వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా పింగాణీ చూడండి, కన్ను అలవాటు పడుతుంది.

అన్నదమ్ములు ముగ్గురూ తలా రెండు కప్పులు పంచుకుందామన్నారు. విడదీస్తే జత పోతుందని నేను పట్టుబట్టాను. ఇప్పుడవి మా హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాయి. అత్తగారి మాట ప్రకారం వంటింట్లోకి రాలేదు, మామగారి కానుక అటక మీదా లేదు. ఆరో సాసరు ఏమైందో, వాడని కప్పుల్ని తన చీరల్లో అంత భద్రంగా ఎందుకు చుట్టారో ఆవిణ్ణి అడగలేకపోయాను. మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే, చెప్పేవాళ్లు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి.