ఈల ఊదిన వ్యక్తిపై చేయెత్తితే...

శనివారం మధ్యాహ్నం. ఇంగ్లాండులోనో న్యూజీలాండులోనో ఒక చిన్న పట్టణం. వర్షానికి నాని బురదైన మైదానంలో 30 మంది దృఢకాయులు కోడిగుడ్డు ఆకారపు బంతి కోసం ఒకరినొకరు ఢీకొంటున్నారు. వారి మధ్య, చేతిలో ఈల తప్ప మరేదీ లేని ఒక మనిషి పరుగెడుతున్నాడు. వారమంతా ఆయన ఏ బడిలోనో పాఠాలు చెప్పివుంటాడు, లేదా ఏ ఆఫీసులోనో లెక్కలు చూసివుంటాడు. ఈ పూట మాత్రం ఆయన రగ్బీ రిఫరీ.

ఆట ఇంకా రెండు నిమిషాలు ఉందనగా ఆయన ఈల ఊది, ఒక జట్టుకు పెనాల్టీ ఇచ్చాడు. ఓటమి అంచున ఉన్న రెండవ జట్టులోనుండి ఒకడు కేకలు వేస్తూ ఆయన మీదికి దూసుకువచ్చాడు. రెండు చేతులతో ఆయనను తోసేశాడు.

మనం ఊహించుకున్న దృశ్యమే ఇది. కానీ ఇలాంటివి నిజంగా జరుగుతూనే ఉన్నాయి. అలా జరిగినప్పుడు ఆ ఆటగాణ్ణి ఏం చేయాలి? కొన్ని వారాలు పక్కన కూర్చోబెడితే సరిపోతుందా? జీవితాంతం వెలివేయాలా? ఈ ప్రశ్న మైదానానికి మాత్రమే సంబంధించినది కాదు. పిల్లలను పెంచే ప్రతి ఇంటికీ అది ఎంతో కొంత వర్తిస్తుంది.

30 మంది మధ్య ఒక్కడు

మన తెలుగువారికి రగ్బీ అంతగా పరిచయంలేని ఆట. 2025లో మన దేశంలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాదు పేరుతో ఒక జట్టు ఆడినప్పుడు కొందరు మొదటిసారి దాని గురించి విని ఉంటారు. విదేశాలలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కొందరు బడిలో ఆ ఆట నేర్చుకుంటున్నారు. జట్టుకు 15 మంది. బంతిని చేత పట్టుకుని పరుగెత్తవచ్చు. బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని పడగొట్టవచ్చు. ఆట 80 నిమిషాలు సాగుతుంది.

ఇంత బలప్రయోగాన్ని అనుమతించే ఆటకు ఒక కట్టుబాటు తప్పనిసరి. తొలిరోజుల్లో తగవు వస్తే రెండు జట్ల నాయకులే మాట్లాడుకుని తేల్చుకునేవారు. ఆట పెరిగింది, పట్టుదలలూ పెరిగాయి. ఆ పద్ధతి నిలువలేదు. చివరికి అధికారమంతా ఒక్క రిఫరీకే అప్పగించారు. మైదానంలో జరిగినదేమిటో, దానికి ఏ నియమం వర్తిస్తుందో తేల్చేది ఆయన ఒక్కడే. ఆటగాళ్లు ఆయన తీర్పుతో వాదించకూడదని నియమావళిలోనే రాసి ఉంది. చాలా దేశాలలో ఆయనను 'సర్' అని పిలవడం ఆనవాయితీ.

పెద్ద మ్యాచ్‌లలో రిఫరీకి ఇద్దరు సహాయకులు, టీవీ తెర ముందు మరొకరు, చుట్టూ భద్రతా సిబ్బంది ఉంటారు. ఔత్సాహికుల ఆటలో ఇవేవీ ఉండవు. గీత దగ్గర జెండా పట్టుకునే వారిని తరచుగా ఆ క్లబ్బులే ఇస్తాయి. ఆట ముగిశాక రిఫరీ తన సంచి తీసుకుని ఒంటరిగా కారు దాకా నడిచి వెళ్లాలి. ఆయనకు రక్షణ ఒక్కటే: ఆయన మీద చేయి వేయకూడదని అక్కడున్న వారందరికీ ఉన్న పట్టింపు. ఆ పట్టింపు చెదిరిందంటే ఆయనకు మిగిలేది ఏమీ లేదు.

మాటతో మొదలై...

ఎవరూ ఒక్కసారిగా రిఫరీని కొట్టరు. ముందు చేతులు విసిరి విసుగు చూపిస్తారు. తరువాత గొణుగుతారు. ఆ తరువాత కేకలు, బూతులు, బెదిరింపులు. చేయి లేచేది చివరిలో. అందుకే రగ్బీలో మొదటి మెట్టు దగ్గరే అడ్డుకట్ట వేశారు. పెనాల్టీ ఇచ్చిన తరువాత ఆటగాడు వాదనకు దిగితే, రిఫరీ ఆ పెనాల్టీని మరో 10 మీటర్లు ముందుకు జరుపుతాడు. ఒకడు నోరు జారితే జట్టంతా 10 మీటర్లు వెనక్కి నడవాలి. అప్పుడు తోటి ఆటగాళ్లే వాణ్ణి "నోరు మూసుకో" అని మందలిస్తారు. పైనుండి వచ్చే శిక్షకన్నా పక్కవారి మందలింపు కొన్నిసార్లు బాగా పనిచేస్తుంది.

ప్రపంచ రగ్బీ సంస్థవారి శిక్షల పట్టిక కూడా ఇదే మెట్ల వరుసలో ఉంటుంది. రిఫరీని దుర్భాషలాడితే, తప్పు తీవ్రతను బట్టి 6, 12, లేదా 18కి పైబడిన వారాల నిషేధంతో లెక్క మొదలవుతుంది. మాటతో గాని చేతతో గాని బెదిరిస్తే 12, 24, 48. దేహానికి హాని తలపెట్టి చేయి చేసుకుంటే 24, 48, 96. ఈ చివరి తప్పుకు గరిష్ఠ శిక్ష జీవితకాల నిషేధం. ఒక దేశంలో నిషేధం పడినవాడు మరో దేశానికి వెళ్లి ఆడుకుందామన్నా కుదరదు, అది అన్ని దేశాలలోనూ చెల్లుతుంది. ఆటలు లేని సెలవుకాలాన్ని శిక్షాకాలంగా లెక్కించి తప్పించుకోవడం కూడా సాధ్యం కాదు.

తీర్పు ఎలా చెబుతారు?

రిఫరీ ఎర్రకార్డు చూపించి బయటకు పంపడంతో పని ముగియదు. జరిగినదంతా ఆయన రాసి ఇవ్వాలి. ఆ నివేదిక క్రమశిక్షణ సంఘం ముందుకు వస్తుంది. సాధారణంగా ముగ్గురు కూర్చుంటారు. ఆటగాడికి తన మాట చెప్పుకునే హక్కు, సాక్షులను తెచ్చుకునే హక్కు ఉంటాయి. సంఘంవారు ముందుగా తప్పు ఎంత తీవ్రమైనదో నిర్ణయిస్తారు. కావాలని చేశాడా, అదుపు తప్పి చేశాడా? ఎదుటివారికి ఎంత హాని జరిగింది? ముందే అనుకుని చేశాడా? ఇవన్నీ చూసి పట్టికలోని ఏ మెట్టు నుండి లెక్క మొదలుపెట్టాలో తేలుస్తారు.

ఆ తరువాత మనిషిని చూస్తారు. తప్పు ఒప్పుకున్నాడా? గతంలో మచ్చ ఉందా? చిన్న వయసువాడా? నిజంగా పశ్చాత్తాపపడుతున్నాడా? వీటిని బట్టి శిక్షను సగం వరకు తగ్గించే వీలుంది. అలవాటుగా తప్పు చేసేవాడైతే పెంచే వీలూ ఉంది.

ఈ క్రమం గమనించదగినది. ముందు తప్పును తూచి, ఆ తరువాతే తప్పు చేసినవాణ్ణి చూస్తారు. మనం ఇళ్లలో తరచుగా దీన్ని తిరగేస్తాం. "మావాడు మంచివాడే" అనే మాటతో మొదలుపెట్టి, తప్పునే చిన్నది చేసేస్తాం.

రెండు సంఘటనలు

1996 మే నెలలో లండను శివార్లలోని ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లాండు కప్ ఫైనల్ జరిగింది. లెస్టర్ జట్టు ఒక్క పాయింటు తేడాతో బాత్ జట్టు చేతిలో ఓడిపోయింది. చివరి ఈల మోగగానే లెస్టర్ ఆటగాడు నీల్ బ్యాక్, రిఫరీ స్టీవ్ లాండర్‌ను తోశాడు. రిఫరీ నేల మీద పడ్డారు. ఎదుటి జట్టు ఆటగాడనుకుని తోశానని బ్యాక్ చెప్పుకున్నాడు. అయినా 6 నెలల నిషేధం పడింది. ఆయన పేరున్న ఆటగాడు, దేశానికి ఆడినవాడు. ఆ పేరు ఆయనను శిక్ష నుండి తప్పించలేదు.

ఆ 6 నెలలతో ఆయన జీవితం ముగిసిపోలేదు. శిక్ష అనుభవించి తిరిగి వచ్చాడు. 7 సంవత్సరాల తరువాత, 2003లో, ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లాండు జట్టులో ఆయన ఉన్నాడు. శిక్ష తలుపు మూసింది, గడువు తీరాక అదే తలుపు మళ్లీ తెరిచింది.

రెండవ సంఘటన 2016 డిసెంబరులో ఇటలీలో జరిగింది. అది టీవీ కెమెరాలు చుట్టుముట్టే పెద్ద పోటీ కాదు, ఆ దేశపు రెండవ శ్రేణి లీగ్ మ్యాచ్. రిఫరీ మరియా బెయాత్రిచే బెన్వెనూతి, వయసు 23. అదే సంవత్సరం రియో ఒలింపిక్స్‌లో రిఫరీగా పనిచేసి వచ్చిన యువతి. ఆట నడుస్తుండగా ఒక ఆటగాడు వెనుకనుండి వచ్చి తన బలమంతా వేసి ఆమెను గుద్దాడు. ఆమెకు మెడ బెణికింది. ఆ దృశ్యాన్ని వీడియోలో ప్రపంచమంతా చూసింది. అక్కడి క్రమశిక్షణ సంఘం అతనికి 3 సంవత్సరాల నిషేధం విధించింది.

చాలామంది అది చాలదన్నారు. జీవితాంతం బహిష్కరించాలన్నారు. ఆ కోపం మనకు అర్థమవుతుంది. చూడనివారి మీద వెనుకనుండి పడడం ఆటలోని ఆవేశమని చెప్పుకోవడానికి వీల్లేదు. అయినా 3 సంవత్సరాలు అంటే, ఆటగాడిగా చివరి దశలో ఉన్నవాడికి దాదాపు ముగింపే. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. బెన్వెనూతి ఈల వదిలిపెట్టలేదు. ఆ తరువాత కూడా అంతర్జాతీయ మ్యాచ్‌లకు రిఫరీగా నిలబడింది. తనకు జరిగినదాన్ని తన ఆట పెద్దలు తేలికగా తీసుకోలేదని తెలిసిన మనిషికి తిరిగి మైదానంలోకి దిగే ధైర్యం వస్తుంది. శిక్ష ఎన్ని వారాలన్నది ఎంత ముఖ్యమో, అది ఖచ్చితంగా పడుతుందన్న నమ్మకం అంతకన్నా ముఖ్యం.

జాలి ఎవరి మీద?

చిన్న క్లబ్బులలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. పెద్ద మ్యాచ్‌కు వీడియో ఉంటుంది, పత్రికలవారు ఉంటారు. ఊరి మ్యాచ్‌కు ఉండేది రిఫరీ మాట ఒక్కటే. క్లబ్బు పెద్దలు, ఆటగాడు, విచారణ చేసేవారు అందరూ ఒకరికొకరు తెలిసినవారే కావచ్చు. "కుర్రాడికి ఉద్యోగ సమస్యలున్నాయండీ", "పాపం, ఆ రోజు మనసు బాగాలేదు", "మీరు రాసి పంపితే వాడి ఆట పోతుంది సార్, ఈసారికి వదిలేయండి" అనే మాటలు రిఫరీ చెవిన పడతాయి. మంచిమనిషి కనుక ఆయన వదిలేస్తాడు. వచ్చే వారం మరో మైదానంలో, మరో రిఫరీ మీద, బహుశా మొదటి సీజన్ ఈల పట్టిన 17 ఏళ్ల కుర్రవాడి మీద, అదే చేయి లేస్తుంది.

జాలి చూపడం తప్పు కాదు. దానికి సమయం, స్థలం ఉన్నాయి. తప్పు నమోదైన తరువాత, నిజం ఒప్పుకున్న తరువాత, శిక్ష కొలిచే చోట జాలికి తావుంది. నిజాన్ని కప్పిపెట్టేది జాలి కాదు. అది దెబ్బ తిన్నవాణ్ణి మరచిపోవడం. తప్పు చేసిన కుర్రవాడికి కూడా దానివల్ల మేలు జరగదు. ఆరు వారాల నిషేధంతో సర్దుకునే అలవాటు, పట్టించుకోకపోతే ఆరేళ్ల తరువాత పోలీసు స్టేషను దాకా తీసుకువెళ్లవచ్చు.

పొరుగు ఆటలో ఏం జరిగిందో చూడండి. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆల్మేర పట్టణంలో పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిశాక, గీత దగ్గర జెండా పట్టుకుని నిలిచిన ఒక తండ్రిని కొందరు ఆటగాళ్లు చుట్టుముట్టి కొట్టారు. ఆయన తన కొడుకు జట్టు కోసం స్వచ్ఛందంగా వచ్చినవాడు. మరునాడే మరణించాడు. 2013లో న్యాయస్థానం ఆరుగురు కుర్రవాళ్లను, వారితోపాటు ఒక ఆటగాడి తండ్రిని దోషులుగా తీర్చింది. మరణించినవాడు ఒక తండ్రి. జైలుకు వెళ్లినవారిలోనూ ఒక తండ్రి.

గీత అవతల నిలబడినవారు

అందుచేత ఈ విషయం ఆటగాళ్లతో ముగియదు. 2002 ఆగస్టులో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, దక్షిణాఫ్రికా–న్యూజీలాండ్ మ్యాచ్ జరుగుతుండగా ఒక ప్రేక్షకుడు మైదానంలోకి పరుగెత్తుకు వచ్చి రిఫరీ డేవిడ్ మెక్‌హ్యూను పట్టి పడేశాడు. ఆయన భుజం కీలు తప్పింది. ఆట ఆయన లేకుండానే కొనసాగింది. ఆ ప్రేక్షకుణ్ణి లాగివేసినవారిలో రెండు జట్ల ఆటగాళ్లూ ఉన్నారు. ఆ నిమిషంలో వారు ప్రత్యర్థులు కారు, రిఫరీని కాపాడవలసినవారు.

పిల్లల ఆట చూడడానికి వెళ్లే తలిదండ్రులు తమను తాము ప్రశ్నించుకోవాలి. తీర్పు మనకు నచ్చనప్పుడు మన నోటి నుండి ఏ మాట వస్తుంది? ఇంటికి వస్తూ కారులో "వాడు గుడ్డివాడు, అమ్ముడుపోయాడు" అంటే, వెనుక సీటులోని తొమ్మిదేళ్ల పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? ఓడిపోతే కారణం ఎప్పుడూ మరొకరేనని నేర్చుకుంటాడు. కొన్ని క్లబ్బులు ప్రేక్షకులను గీతకు దూరంగా తాడు కట్టి నిలబెడుతున్నాయి. మంచిదే. కానీ నాలుకకు తాడు ఎవరికి వారే కట్టుకోవాలి.

రిఫరీ పొరబడడా? తప్పక పొరబడతాడు. దాన్ని సరిదిద్దే దారులు ఉన్నాయి. జట్టు నాయకుడు మర్యాదగా అడగవచ్చు. శిక్షకుడు ఆట అయ్యాక రిఫరీల సంఘానికి రాయవచ్చు. ఆటగాడు 80 నిమిషాలలో ఎన్నిసార్లు బంతి జారవిడుస్తాడు! అతనికి ఇచ్చే సహనంలో కొంత ఈల పట్టినవాడికీ ఇవ్వాలి.

మన వీధి క్రికెట్‌లో ఒక పద్ధతి ఉంది. బ్యాటింగ్ చేసే జట్టువాడే అంపైరుగా నిలబడతాడు. ఎవరూ ఆ పనికి ఇష్టపడరు. ఎందుకంటే ఏమి చెప్పినా తిట్లే. చివరికి అందరికన్నా చిన్నవాణ్ణి నిలబెడతారు. ఔత్సాహికుల రగ్బీ అలాంటి రోజుకు భయపడుతోంది. రిఫరీ రాని శనివారం వస్తే, 30 మంది బూట్లు కట్టుకుని, మైదానానికి సున్నం గీతలు గీసి, ఎదురుచూసి, ఆడకుండానే ఇంటికి వెళ్లిపోవలసిందే.

మీ పిల్లవాడు ఏ ఆట ఆడినా, ఈసారి ఆట ముగిశాక ఒక పని చేయండి. గెలిచినా ఓడినా, రిఫరీ దగ్గరకు వెళ్లి చేయి కలిపి ధన్యవాదాలు చెప్పి రమ్మని వాణ్ణి పంపండి. ఆ చేతిని పట్టుకున్న పిల్లవాడు రేపు ఆ మనిషి మీద చేయెత్తడం కష్టం.