‘శ్రీవల్లి’ పాడిన గొంతు.. సొంతంగా ఏం పాడింది?

ఎంట్రోపీ అనగానే మెకానికల్ వాళ్లకు థర్మోడైనమిక్స్ పేపరు గుర్తొస్తుంది. అదే పేరుతో 2019లో ఓ ఇంగ్లిష్ మ్యూజిక్ ఆల్బమ్ వచ్చింది. పాడింది సిద్ శ్రీరామ్. ‘ఇంకేం ఇంకేం’, ‘సామజవరగమన’, ‘శ్రీవల్లి’.. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ కాలేజీ బస్సెక్కినా వినిపించే గొంతే. కానీ అతని మొదటి ఆల్బమ్ పేరు అడిగి చూడండి, చెప్పేవాళ్లు తక్కువ. ప్లేస్‌మెంట్ల కోసం తిరుగుతున్నవాళ్లు అతని హిట్ల కన్నా ఈ ఆల్బమ్ సంగతే తెలుసుకోవాలని నాకనిపిస్తుంది.

సిద్ పుట్టింది 1990లో, చెన్నైలో. పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబం అమెరికా వెళ్లింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పెరిగాడు. ఇంట్లో అమ్మ నేర్పిన కర్ణాటక సంగీతం, బయట రిథమ్ అండ్ బ్లూస్. అందరూ ఆర్ అండ్ బీ అంటారే, అదే.

దీని వేర్లు మనకు బాగా తెలిసిన పంటలో ఉన్నాయి. మిసిసిపీ ప్రాంతపు పత్తి చేలల్లో కష్టపడిన నల్లజాతి కూలీల పాటల్లోంచి బ్లూస్ వచ్చింది. పని వెతుక్కుంటూ వాళ్లు షికాగో లాంటి నగరాలకు వలస వెళ్తే పాట కూడా వెంట వెళ్లింది. అక్కడ ఎలక్ట్రిక్ గిటారు చేరింది, చర్చి పాటలూ జాజూ కలిశాయి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన జాబితాకు ‘రేస్ రికార్డ్స్’ అన్న పాత పేరు తీసేసి రిథమ్ అండ్ బ్లూస్ అని పెట్టింది. ప్రత్తిపాడు, పర్చూరు వైపు పత్తి తీతకు వెళ్లే అమ్మల పిల్లలకు ఈ కథ మరీ దూరంగా ఏమీ ఉండదు.

ఒక్క అక్షరాన్ని పట్టుకుని నాలుగైదు స్వరాల మీద గబగబా నడిపించడాన్ని ఆర్ అండ్ బీలో ‘రన్’ అంటారు. మన గమకానికి దగ్గరగా ఉంటుంది కానీ ఒకటి కాదు. గమకానికి రాగం హద్దులుంటాయి, రన్‌కి అంత కట్టుబాటు లేదు. సిద్ పాడుతుంటే ఏది ఎక్కడ ఆగి ఏది మొదలైందో చెప్పడం కష్టం. (అతని తెలుగు ఉచ్చారణ మీద విమర్శలున్నాయి, కొన్ని నిజమే. ఇంగ్లిష్‌లో ఆ ఇబ్బంది లేదు!)

ఇక చదువు. బోస్టన్‌లోని బెర్క్‌లీ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో అతను చేసింది మ్యూజిక్ ప్రొడక్షన్ అండ్ ఇంజినీరింగ్. అంటే రికార్డింగ్, మిక్సింగ్, సౌండ్ వెనకున్న సాంకేతికత. ఈసీఈ వాళ్లు డీఎస్‌పీలో చదివే శాంప్లింగ్ థియరమ్ ఇక్కడ రోజూ పనికొచ్చేదే. చదువుకునే రోజుల్లోనే ఫ్రాంక్ ఓషన్ పాటను తన పద్ధతిలో పాడి యూట్యూబ్‌లో పెట్టాడు. తన పాటలు ఏఆర్ రెహమాన్‌కు పంపాడు. అలా ‘కడల్’ సినిమాలో ‘అడియే’ పాట దక్కింది. ఆ పాటలోనూ బ్లూస్ ఛాయలున్నాయి, గమనించండి. ఎవరూ అడక్కముందు చేసుకున్న పనే అతనికి రెజ్యూమె అయింది.

సినిమా పాటలో ట్యూన్ సంగీత దర్శకుడిది, మాటలు కవివి, సందర్భం కథది. ‘ఎంట్రోపీ’లో పాట తనదే, చెప్పుకున్న గోడూ తనదే. వ్యూస్‌లో సినిమా పాటల దరిదాపుల్లోకి కూడా రాలేదు. అయినా ఆగలేదు. 2023లో డెఫ్ జామ్ సంస్థ నుంచి ‘సిద్ధార్థ్’ అనే ఇంకో ఆల్బమ్ తెచ్చాడు. సినిమా పాటలు మానలేదు కూడా. ‘ప్యాషన్ కోసం జాబ్ వదిలేశా’ అనే కథలు వినీ వినీ విసిగిన నాకు ఇదే నచ్చింది.

పాటలు చేసి అప్‌లోడ్ చేస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. పాట రాసినవాళ్ల హక్కు, ట్యూన్ కట్టినవాళ్ల హక్కు, రికార్డింగ్ యజమాని హక్కు వేరువేరు. 2012 కాపీరైట్ సవరణ తర్వాత గాయకులకూ రాయల్టీ హక్కు వచ్చింది, 2013లో ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్ ఏర్పడింది. కవర్ సాంగ్ ఎంత బాగా పాడినా అసలు పాట మీ సొంతం కాదు. కంపెనీ కాగితం ఇస్తే సంతకానికి ముందు ఏ హక్కులు రాసిస్తున్నారో, ఎన్నేళ్లకో చదవండి. ఫ్రీలాన్స్ కోడింగ్ చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

‘ఎంట్రోపీ’ని మాత్రం బస్సు స్పీకర్‌లో వినకండి. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, లేకపోతే కింది బేస్ అంతా ఇంజిన్ మోతలో కలిసిపోతుంది.