విమాన సంస్థల వివాహములు, పైలట్ల వరుసలు

అత్తవారింట అడుగుపెట్టిన క్రొత్తకోడలు మొదట తెలిసికొనునది ఆ యింటి వరుస. పెద్దకోడలెవరు, రెండవకోడలెవరు? వయస్సున చిన్నదైనను పెద్దకుమారుని భార్యయే పెద్దకోడలు. ఇట్టి ఉమ్మడి సంసారములు రెండు ఏ కారణముచేతనో ఒకే కప్పు క్రిందికి వచ్చినవనుకొందము. ఇద్దరు పెద్దకోడండ్రలో తాళపుచెవుల గుత్తి యెవరి కొంగున నుండవలెను? రెండు విమాన సంస్థలు కలిసిపోయినప్పుడు పైలట్లనడుమ పుట్టు తగవు సరిగా నిట్టిదే. పత్రికలో పైలట్ల సమ్మె వార్త చదివి, లక్షలు గడించువారికి ఇంకను చాలలేదా యని మనము విసుగుకొందుము. ఆ లక్షలు ఏ విధముగా వచ్చునో, ఏ విధముగా పోవునో తెలిసినచో ఆ విసుగు కొంత తగ్గును.

పైలటు జీతము గుమాస్తా జీతమువంటిది కాదు. మూలవేతనము ఒక భాగము. ఎగిరిన గంటలకు ఇచ్చు భత్యము మఱియొక భాగము. నడుపునది చిన్న విమానమా, పెద్ద విమానమా, కూర్చుండునది ఎడమవైపున కెప్టెను ఆసనమునందా, కుడివైపున ఫస్టాఫీసరు ఆసనమునందా అనుదానినిబట్టి వచ్చు ధనము మారును. పెద్ద విమానమునకు కెప్టెను కావలసివచ్చినప్పుడు ఆ అవకాశము సీనియారిటీ పట్టికలో ముందున్నవారికి. అమెరికాలోనైతే ఏ ఊరు మకాము చేసికొనవలెను, ఏ నెలలో సెలవు, పండుగనాడు ఇంట నుండుటయా, ఆకాశమున నుండుటయా అన్నియు ఆ పట్టికలోని అంకెయే తేల్చును. పనివారిని తగ్గించునప్పుడు అడుగుననున్నవారే ముందు వెడలిపోవలెను. అక్కడ ఒక సంస్థను విడిచి మఱియొకదానిలో చేరినవాడు, ఇరువది యేండ్ల అనుభవమున్నను, క్రొత్తవారితోపాటు అడుగుననే నిలువవలెను. కనుక ఆ అంకె వారికి ఒక ఆస్తి. బ్యాంకున దాచుటకు వీలులేదు, బిడ్డలకు వ్రాసి యిచ్చుటకును వీలులేదు.

మన దేశమునకు ఈ కలయికలు క్రొత్త కావు. 1953లో ప్రభుత్వము విమానయానమును జాతీయము చేసినప్పుడు ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్ లైన్స్ అను సంస్థను ఏర్పరచెను. హైదరాబాదునుండి నడచిన డెక్కన్ ఎయిర్వేసు అందులో నొకటి. దేశమున వ్యాపార విమానమును నడపిన తొలి స్త్రీగా పేరొందిన ప్రేమ మాథుర్ పనిచేసినది ఆ డెక్కన్ సంస్థలోనే యని మన హైదరాబాదు సోదరీమణులు గర్వముతో చెప్పుకొనవచ్చును. విదేశ యానము ఎయిర్ ఇండియా వంతు వచ్చెను.

అటుపిమ్మట ఏబదినాలుగేండ్లు ఈ రెండు సంసారములును వేఱుగానే సాగినవి. ఇండియన్ ఎయిర్ లైన్స్ పైలట్లు చిన్న విమానములపై దేశములోని ఊళ్లనడుమ దినమునకు పలుమారులు ఎక్కుచు దిగుచు నుండిరి. ఎయిర్ ఇండియా పైలట్లు పెద్ద బోయింగులలో లండను, న్యూయార్కులకు సముద్రములు దాటుచుండిరి. మొదటివారి సంఘము ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్. రెండవవారిది ఇండియన్ పైలట్స్ గిల్డు. ఎవరి ఒడంబడిక వారిది, ఎవరి భత్యములు వారివి. 2007లో ప్రభుత్వము రెండు సంస్థలను ఒకటిగా చేసెను. విమానములకు రంగు మారెను. జీతముల లెక్కలు మాత్రము రెండుగానే మిగిలెను. పెండ్లి ముగిసిన పిమ్మట జాతకములు వెదకినట్లయినది.

నాలుగేండ్లు గడచినవి. 2011 ఏప్రిల్ చివరివారమున పూర్వపు ఇండియన్ ఎయిర్ లైన్స్ పైలట్లు సుమారు 800 మంది సమ్మెకు దిగిరి. ఆవలివారికి నెలకు ఇన్ని గంటలని నిశ్చయించిన భత్యము ముట్టుచుండగా, తమకు ఎగిరిన గంటలకే కొలిచి యిచ్చుట ఒకే సంస్థలో నేమి న్యాయమని వారు ప్రశ్నించిరి. సంస్థ వారి సంఘమునకు గుర్తింపు రద్దుచేసి, నాయకులను తొలగించెను. ఢిల్లీ హైకోర్టు పనిలో చేరుడని ఆజ్ఞాపించినను వారు వెంటనే చేరలేదు. పదిదినములు దేశమంతట ప్రయాణికులు విమానాశ్రయములలో పడిగాపులు పడిన పిమ్మట మే 6వ తేదీన రాజీ కుదిరెను. రెండు సంస్థల ఉద్యోగుల వేతనములు, వరుసలు పరిశీలించుట విశ్రాంత న్యాయమూర్తి ధర్మాధికారి సమితి వంతు వచ్చెను. సమితి 2012 జనవరి చివర నివేదిక సమర్పించెను.

ఇంతలో రెండవ యింటివారు లేచిరి. ఎయిర్ ఇండియా కలయికకు ముందే బోయింగు 787 విమానములు 27 కావలెనని ఆర్డరు చేసియుండెను. అవి వచ్చు సమయమున, వాటిని నడుపుటకు పూర్వపు ఇండియన్ ఎయిర్ లైన్స్ పైలట్లకును శిక్షణ నిత్తుమని సంస్థ నిర్ణయించెను. అవి మా యింటికని తెప్పించిన విమానములు, కెప్టెను పదవికై మేము ఏండ్లతరబడి వేచియున్నాము, నడుమ మఱియొక వరుస వచ్చి దూరినచో మా వంతెన్నడని గిల్డువారు వాదించిరి. 2012 మే నెలలో అస్వస్థులమని చెప్పి మూకుమ్మడిగా సెలవు పెట్టిరి. ఆ సమ్మె 58 దినములు సాగి జూలై 3న ముగిసెను. అప్పటికి నూరుమందికి పైగా పైలట్లు ఉద్యోగములు కోల్పోయియుండిరి. రెండునెలల జీతము లేకున్న ఇల్లు ఏ రీతిగా గడచునో గృహిణులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. పైలటు శిక్షణమునకే లక్షలకు లక్షలు అప్పుచేసిన కుటుంబములు మన దేశమున తక్కువ కాదు.

ఇరువురి మాటయు వినినచో ఇరువురును నిజమే చెప్పుచున్నట్లు తోచును. మొదటివారు సమానమైన కూలి యడిగిరి. రెండవవారు తమ వంతు అడిగిరి. ఒకరిది తీర్చినచో మఱియొకరిది చెడుచుండెను. నా మట్టుకు తప్పు కాకితములపై సంతకములు చేయించిన పెద్దలది. వరుస తేల్చకుండ ఇండ్లు కలిపినవారు, కోడండ్రు కలహించుచున్నారని నిందింపరాదు.

2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటావారి చేతికి వచ్చెను. వారికే భాగమున్న విస్తారా అను సంస్థను దానిలో కలుప నిశ్చయించినప్పుడు మరల అదే కథ. విస్తారా పైలట్లకు అంతవరకు నెలకు 70 గంటల జీతము నిశ్చయముగా నుండెను. క్రొత్త ఒడంబడికలో అది 40 గంటలకు దిగెను. అంతకు మించి ఎగిరిన గంటలకు వేఱుగా నిత్తుమనిరి. ఎగురుటకు పని దొరకిన నెలలో బాధలేదు. జ్వరము వచ్చిన నెలలో, విమానము మరమ్మతున నున్న నెలలో ఇంటికి వచ్చు రొక్కము కుంచించుకొనిపోవును. 2024 మార్చి, ఏప్రిల్ నెలలలో పైలట్లు చాలక విమానములు రద్దగుచుండగా, సంస్థ దినమునకు 25 మొదలు 30 విమానములవరకు తగ్గించుకొనెను. నవంబరు 12న విస్తారా పేరు అంతరించెను. ప్రపంచములోని చాల దేశములకంటె మన దేశమున స్త్రీ పైలట్లు ఎక్కువ; కనుక ఈ గంటల లెక్క మగవారి ముచ్చట మాత్రమే కాదు.

ఈ వరుస తగవులో మనకంటె ముందుగా తలలు బ్రద్దలు కొట్టుకొన్నవారు అమెరికావారు. 2001లో అమెరికన్ ఎయిర్ లైన్స్ సంస్థ టి.డబ్ల్యు.ఏ. అను పాత సంస్థను కొనెను. వచ్చిన సంస్థలోని విమాన పరిచారికలను అమెరికన్ పరిచారికల వరుసకు చివర చేర్చిరి. పాతికేండ్లు పనిచేసినదియు నిన్న చేరిన పిల్లకు వెనుకనే. ఆ సెప్టెంబరు దాడులతో విమానయానము కుంటుపడి ఉద్యోగములు తగ్గించవలసివచ్చినప్పుడు చివరనున్న వీరే వెడలిరి. 2003 నాటికి ఆ పాత సంస్థ పరిచారికలలో ఒక్కరును ఆకాశమున మిగులలేదు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయమున్న మిస్సోరీ రాష్ట్రమునుండి వచ్చిన క్లేర్ మెకాస్కిల్ అను మహిళా సెనేటరు, తన సహచరుడు కిట్ బాండుతో కలిసి, 2007 చివర ఒక శాసనము చేయించెను. ఇకమీదట పట్టికలు న్యాయముగా కలుపవలెను. కుదరనిచో మధ్యవర్తి తీర్పు చెప్పవలెను.

న్యాయమనగా ఏమో శాసనము చెప్పలేదు. చేరిన తేదీయే గొప్పదా, తన సంస్థలో తానున్న మెట్టు గొప్పదా? ఈ ప్రశ్న శాసనమునకు పూర్వమే ఒక యింట రాజుకొనియుండెను. దివాళాతో కృశించిన యు.ఎస్. ఎయిర్వేసు, అరిజోనాలోని అమెరికా వెస్టు అను సంస్థ 2005లో ఏకమయ్యెను. తూర్పువారు 5,100 మంది పైలట్లు. అందులో 1,700 మంది పనిలేక ఇంట కూర్చున్నవారు. పడమటివారు 1,900 మంది. ఏండ్లతరబడి క్రొత్తవారిని తీసికొనని తూర్పింట పదునారేండ్లు పనిచేసినవాడును అడుగుననే యుండెను. పెరుగుచున్న పడమటింట నిన్న మొన్న చేరినవాడు సైతము పనిలో నుండెను. 2007 మే నెలలో మధ్యవర్తి జార్జి నికొలో తీర్పు చెప్పెను: పైన సుమారు 500 స్థానములు తూర్పువారికి, పనిలేనివారు అందఱికంటె క్రింద, నడిమివారిని ఎవరి మెట్టునుబట్టి వారిని కలుపవలెను. అందుచేత పదునారేండ్లకు పైబడి సేవచేసిన తూర్పు పైలటు, కొద్దికాలము క్రిందట చేరిన పడమటి పైలటు సరసన నిలిచెను.

తూర్పువారు సహింపలేదు. సంఖ్యాబలముతో 2008లో తమ పాత సంఘమును దింపి, చేరిన తేదీయే ప్రమాణమను క్రొత్త సంఘమును స్థాపించిరి. పడమటివారు న్యాయస్థానముల కెక్కిరి. వరుస తేలనందున ఉమ్మడి వేతన ఒడంబడికయు కుదరలేదు. ఒకే రంగు విమానములలో ఇరుపక్షములును వేఱువేఱు జీతములకు ఎగిరిరి. తూర్పువారికి దివాళానాటి తగ్గింపు జీతములే నిలిచెను. 2013 డిసెంబరులో ఆ సంస్థయు అమెరికన్ లో కలిసిపోయెను. మధ్యవర్తులు ముగ్గురు కూర్చుండి అందఱి వరుసను 2016 సెప్టెంబరులో ప్రకటించిరి. 2005లో 55 ఏండ్ల వయస్సున నున్న పైలటుకు అప్పటికి 66 నిండుచుండెను. ఆ దేశమున 65 దాటినవారు సంస్థల ప్రయాణికుల విమానమును నడుపరాదు.