విజిల్ వేసేవాడికీ మార్కులుంటాయి

"ఒరేయ్, ఆ రెఫరీకి అసలు కళ్ళున్నాయా!"

గత సెప్టెంబర్‌లో ఒక మంగళవారం సాయంత్రం, చికాగో శివార్లలోని ఒక హైస్కూల్ జిమ్‌లో ఈ మాట వినబడింది. అచ్చ తెలుగులో. అన్నాయన పక్కనున్న స్నేహితుడికి మాత్రమే వినబడుతుందనుకున్నాడు. కానీ సరిగ్గా ఆ క్షణానికి జిమ్ అంతా నిశ్శబ్దమైంది. నెట్ పక్కన ఎత్తు స్టాండ్ మీద, మెళ్ళో విజిల్‌తో నిలబడ్డ ఆ రెఫరీని నేనే.

నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ళ కిందట అలాంటి జిమ్‌లోనే, అలాంటి చెక్కబెంచీ మీద కూర్చుని నేనూ అదే మాట అన్నాను. కాకపోతే ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా.

మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. స్కూల్ వాలీబాల్ టీములో చోటు దొరికిందని మేమంతా పండగ చేసుకున్నాం. నాకు ఇంకా ఎక్కువ. తెనాలి దగ్గర మా ఊళ్ళో స్కూలు వెనక రెండు వెదురు బొంగులకి వల కట్టి, సున్నంతో గీతలు గీసి, చీకటి పడేదాకా ఆడినవాణ్ణి. వాలీబాల్ అంటే నాకు తెలియనిదేముందనుకున్నాను. ఆ రోజు మా అమ్మాయి సర్వీస్ చేస్తూ గీత తొక్కిందని రెఫరీ విజిల్ వేస్తే లేచి నిలబడి అరిచాను.

ఇంటికి వస్తూ కార్లో తను చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నాన్నా, నేను నిజంగానే గీత తొక్కాను. నువ్వు అరుస్తుంటే నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. ఆవిడకి మా అమ్మమ్మ వయసుంటుంది. నీకంత తెలిస్తే నువ్వే చెయ్యొచ్చుగా?" అంది.

ఆ మాటే నన్ను ఈ పనిలోకి దింపింది.

మొదటి మెట్టు

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకి తెలియని సంగతి ఒకటుంది. మన పిల్లల హైస్కూల్ ఆటల్లో విజిల్ వేసేవాళ్ళు స్కూల్ ఉద్యోగులు కారు. పగలు ఏదో ఉద్యోగం చేసుకుని, సాయంత్రం వచ్చే మామూలు మనుషులు. ఆట నియమాలు రాసేది ఇండియానాపొలిస్‌లో ఉన్న హైస్కూల్ అసోసియేషన్ల జాతీయ సమాఖ్య. అఫీషియల్స్‌కి లైసెన్సు ఇవ్వడం, పరీక్ష పెట్టడం, పై స్థాయికి పంపడం ఏ రాష్ట్ర అసోసియేషన్ పద్ధతి దానిదే. కొన్ని రాష్ట్రాల్లో స్థానిక రెఫరీ సంఘాల మాటే ఎక్కువ చెల్లుతుంది.

మా ఇల్లినాయ్‌లో మూడు మెట్లున్నాయి: రిజిస్టర్డ్, రికగ్నైజ్డ్, సర్టిఫైడ్. ఎవరైనా మొదటి మెట్టు దగ్గరే మొదలుపెట్టాలి. దరఖాస్తు పెట్టి, నియమాల పుస్తకం చదివి, ఆన్‌లైన్‌లో పరీక్ష రాసి నెగ్గాలి. నేను నిర్లక్ష్యంగా కూర్చున్నాను. పది ప్రశ్నలయ్యేసరికి చెమట పట్టింది. మేము ఆడే రోజుల్లో 15 పాయింట్ల గేము, సర్వీస్ చేసినవాళ్ళకే పాయింటు. ఇప్పుడు 25, ఎవరు గెలిస్తే వాళ్ళకి. వెనక వరస ఆటగాళ్ళు ఎక్కడినుంచి ఎగిరి కొట్టవచ్చు, రొటేషన్ తప్పితే ఏం చెయ్యాలి, లిబరో ఎప్పుడు లోపలికి రావచ్చు... మా ఊరి వెదురుబొంగుల ఆటలో ఇవేవీ లేవు.

పరీక్ష నెగ్గినా మ్యాచ్‌లు వాటంతట అవి రావు. అసైనర్ అనే ఒకాయన ఉంటారు. ఏ స్కూల్‌కి ఎవరిని పంపాలో ఆయనే చూస్తారు. కొత్తవాళ్ళకి మిడిల్ స్కూల్, ఫ్రెష్‌మన్ మ్యాచ్‌లు దొరుకుతాయి. నా మొదటి మ్యాచ్‌లో విజిల్ ఎంత మెల్లగా వేశానంటే, పిల్లలు ఆట ఆపలేదు.

మార్కులు వేసేదెవరు?

మ్యాచ్ అయ్యాక మనం ఇంటికి వెళ్ళిపోతాం. ఆ తర్వాత కోచ్‌లు కంప్యూటర్ ముందు కూర్చుని రెఫరీకి రేటింగ్ ఇస్తారు. పై మెట్టు ఎక్కాలంటే ఆ రేటింగులతో పాటు ఇంకా చాలా చూస్తారు. ఎన్నేళ్ళు పనిచేశాడు, ఎన్ని పెద్ద మ్యాచ్‌లు చేశాడు, నియమాల పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడు, శిక్షణ క్లినిక్‌లకి వెళ్ళాడా, అనుభవమున్న తోటి రెఫరీలు చూసి ఏమన్నారు అన్నవి లెక్కలోకి వస్తాయి. సీజన్ చివర జరిగే రాష్ట్రస్థాయి పోటీలకి ఎవరిని పిలవాలన్నదీ ఇలాంటి లెక్కల మీదే తేలుతుంది.

ఇందులో ఒక చిక్కు అందరికీ తెలుసు. ఓడిపోయిన కోచ్ ఇచ్చే మార్కు ఎలా ఉంటుంది? ప్రతి మ్యాచ్‌లోనూ ఒకరు ఓడిపోవాల్సిందే కదా!

మొదటి మెట్టు నుంచి రెండోదానికి నేను పెద్ద కష్టం లేకుండానే వెళ్ళాను. మూడోదానికి దరఖాస్తు పెట్టిన ఏడాది దెబ్బ తగిలింది. ఆ సీజన్లో ఒక మ్యాచ్, చివరి సెట్ 24-23. బంతి బ్లాక్ మీదుగా బయట పడింది. నేను అవుట్ అని విజిల్ వేశాను. మ్యాచ్ అక్కడితో అయిపోయింది. ఓడిన జట్టు కోచ్, బ్లాక్ చేసిన అమ్మాయి వేలికి బంతి తగిలిందని మొత్తుకున్నాడు. నేను ఏమీ చెప్పకుండా దిగి వెళ్ళిపోయాను. సీజన్ చివర చూసుకుంటే నా సగటు అంతకుముందు ఏడాది కంటే తగ్గింది. పదోన్నతి రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా మనసులో ఏముందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మైకులో నా పేరు మూడు ముక్కలు చేసి చదివేవాళ్ళు. నా యాస విని ఒక కోచ్ రెండుసార్లు "ఏమన్నారు?" అని అడిగేవాడు. ఆ ప్రాంతంలో వాలీబాల్ స్టాండ్ ఎక్కే మన మొహం నాకు ఇంకొకటి కనబడలేదు. "మన రంగు చూసే తక్కువ వేశారు" అన్నాను మా ఆవిడతో. తను కాదనలేదు, అవుననలేదు. "నీ మ్యాచ్ ఎవరైనా పెద్ద రెఫరీ చూశారా? ఆయన్నడుగు" అంది.

చూశారు. రిటైరైన లెక్కల మాస్టారు, చాలా కాలంగా ఈ పనిలో ఉన్నాయన. ఆ మ్యాచ్ రోజే బెంచీల పైవరసలో కూర్చుని నా గురించి రెండు పేజీలు రాశారు. కాఫీకి పిలిచి చూపించారు.

మొదటి పేజీలో నా గీతల తీర్పులు బాగున్నాయని ఉంది. రెండో పేజీలో చివరి పాయింటు. నెట్‌కి అవతల కింద నిలబడే రెండో రెఫరీ, బంతి వేలికి తగిలిందని ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి నాకు సైగ చేసిందట. నేను అటు చూడనే లేదు.

"తీర్పు నీదే, ఆఖరి మాట నీదే. కానీ చూడాలిగా. అక్కడ ఇద్దరున్నారు, నువ్వొక్కడివే రెఫరీ చేస్తున్నావు" అన్నారు మాస్టారు. "కోచ్ అడిగితే ఒక్క ముక్క సమాధానం చెప్పకుండా వెళ్ళిపోయావు. ఆయన సగం కోపం తీర్పు మీద కాదు, దాని మీద."

ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి నవ్వింది. "నాన్నా, స్టాండ్ మీద నువ్వు వీసా ఇంటర్వ్యూలో నిలబడ్డట్టుంటావు. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని భయం. అందుకే ఎవరివైపూ చూడవు."

నిజమే. నా యాసకి ఎక్కడ నవ్వుతారోనని మాట తగ్గించాను. మాట తగ్గించినకొద్దీ పొగరనుకున్నారు. అలాగని నా అనుమానం ఉత్తదేనని ఇప్పటికీ అనను. కొందరు మార్కు వేసేముందు నా పేరు చూసే ఉంటారు. దాన్ని నేను రుజువు చెయ్యలేను, మార్చలేను. చూడకుండా వదిలేసిన ఆ సైగ మాత్రం పూర్తిగా నాది.

మరుసటి ఏడాది ఒకే ఒక్క పని చేశాను. విజిల్ వేసిన ప్రతిసారీ, సైగ చేసేముందు రెండో రెఫరీ వైపు, గీతల దగ్గర వాళ్ళ వైపు ఒక్కసారి చూడడం. కోచ్ మర్యాదగా అడిగితే రెండు వాక్యాల్లో, నెమ్మదిగా జవాబు చెప్పడం. అదే స్కూల్‌కి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. మళ్ళీ చివరి సెట్టే. ఆ కోచ్ జట్టు అమ్మాయి చెయ్యి నెట్‌కి తగిలింది. ఆ క్షణంలో రేటింగు గుర్తు రాలేదంటే అబద్ధం. అయినా విజిల్ వేశాను. ఆయన వచ్చి అడిగాడు. "పదో నంబరు, కొట్టి దిగేటప్పుడు మోచెయ్యి పై పట్టీకి తగిలింది" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఎన్ని మార్కులు వేశాడో తెలీదు, తెలుసుకోలేదు. ఆ తర్వాతి ఏడాది సర్టిఫైడ్ అయ్యాను. వేరే ఊళ్ళో కాలేజీలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి చెబితే, "ఇప్పుడు నీ మీద అరవొచ్చా?" అంది.

మనవాళ్ళెందుకు చెయ్యాలి?

ఆ మధ్య విజిల్ వేసేవాళ్ళు తగ్గిపోయారు. 2018-19 తర్వాత మూడు విద్యాసంవత్సరాల్లో సుమారు 50,000 మంది ఈ పని మానేశారని జాతీయ సమాఖ్యే చెప్పింది. రెఫరీల జాతీయ సంఘం 2017లో 17 వేలమందికి పైగా అఫీషియల్స్‌ని అడిగితే, ఎక్కువ ఇబ్బంది పెట్టేది తల్లిదండ్రులేనని అందరికంటే ఎక్కువమంది చెప్పారు. కోచ్‌లు, ఆటగాళ్ళు తర్వాతే. మనుషులు దొరక్క చాలాచోట్ల మ్యాచ్‌లు వేరే రోజుకి మార్చాల్సి వచ్చింది. ముందు దెబ్బ పడింది చిన్న తరగతుల మ్యాచ్‌లకే.

మన తెలుగు సంఘాల వాలీబాల్, క్రికెట్ టోర్నమెంట్లు చూడండి. ఆట తెలిసినవాళ్ళకి కొదవ లేదు. ఆసక్తి ఉంటే మీ రాష్ట్ర హైస్కూల్ అసోసియేషన్ వెబ్‌సైట్లో అఫీషియల్స్ విభాగం చూడండి. చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ పిల్లలు కూడా చిన్న తరగతుల మ్యాచ్‌లకి విజిల్ వెయ్యవచ్చు. పెద్దవాళ్ళని ఎదురుగా నిలబడి "కాదు" అనడం నేర్పే పని ఇంకోటి లేదు.

ఒక్క జాగ్రత్త. ఇది మ్యాచ్‌కింత అని డబ్బులిచ్చే పని. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు తమ కంపెనీకి తప్ప బయట పనిచెయ్యకూడదు. వీసా మీద ఉంటే లాయర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి. నాకూ గ్రీన్‌కార్డు వచ్చాకే వీలైంది.

ఇక ఆ మంగళవారం సంగతి. మ్యాచ్ అయ్యాక పార్కింగ్‌లో నేను తోటి రెఫరీతో తెలుగు భోజనం గురించి చెబుతూ "గోంగూర" అన్నాను. పక్క కారు దగ్గరున్నాయన ఉలిక్కిపడి నా దగ్గరికొచ్చాడు.

"అయ్యో, మీరు తెలుగువారా? తెలీక అనేశానండీ."

"తెలిసుంటే తమిళంలో తిట్టేవారా?"

ఇద్దరం నవ్వుకున్నాం. కాసేపాగి, "నిజం చెప్పండి, ఆ బంతి లోపలే పడిందా?" అన్నాడు.

"గీత మీద పడిందండీ. గీత కూడా లోపలే."

ఆయన కూతురు కారు తలుపు పట్టుకుని, మావైపు చూడకుండా నిలబడి ఉంది. ఆ నిలబడడం నాకు బాగా తెలుసు. ఆయనకి అసైనర్ నంబరు రాసిచ్చాను. వచ్చే ఆగస్టులో కొత్తవాళ్ళ శిక్షణ మొదలవుతుంది. వస్తారేమో చూడాలి.