కొత్త కార్డు పెట్టాక కంప్యూటర్ మొరాయిస్తోందా?

గ్రాఫిక్స్ కార్డో, నెట్‌వర్క్ కార్డో కొనాలంటే బీదర్‌లోని మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్. వెళ్లిరావడానికి ఒక రోజు పోతుంది. అందుకే తెచ్చిన కార్డు పనిచేయకపోతే మళ్లీ బస్సెక్కే ముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఆ మధ్య మేమూ ఒక వాడిన గ్రాఫిక్స్ కార్డు తెచ్చాం, వార్తల ఫొటోలు, వీడియోలు తయారుచేసే కంప్యూటర్ కోసం. బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం వెలగలేదు. చూసినవాళ్లు మదర్‌బోర్డు పోయిందన్నారు. కొత్తది కొనడానికి డబ్బు కూడా లెక్కేసుకున్నాం. తీరా చూస్తే బోర్డుకు ఏమీ కాలేదు.

ఇలాంటప్పుడు మొదట ప్లగ్ తీసి, కొత్త కార్డు పక్కన పెట్టి, కంప్యూటర్‌ను ఇదివరకటిలా నడిపి చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి పాత కార్డే తిరిగి పెట్టాలి. కంప్యూటర్ నడిచిందా, బోర్డు మీద అనుమానం చాలావరకు తీరినట్టే. నడవకపోతే, బిగించేటప్పుడు చెయ్యి తగిలి ర్యామ్ కదిలిందేమో చూడండి. తీసి మళ్లీ గట్టిగా నొక్కితే చాలాసార్లు దారికొస్తుంది.

కార్డు మళ్లీ పెట్టేముందు ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. కార్డు స్లాటులోకి పూర్తిగా దిగాలి. వెనక స్క్రూ బిగిస్తుంటే రెండో చివర పైకి లేస్తోందేమో గమనించండి. మానిటర్ కేబుల్ పాత చోటే ఉండిపోయిందేమో కూడా చూడండి, అది కొత్త కార్డుకే పెట్టాలి. నవ్వొచ్చే మాటే గానీ, తెలిసినవాళ్లూ ఇక్కడే పొరబడతారు.

మా గొడవ ఎస్ఎంపీఎస్‌ది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు కార్డుకు ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు ఇస్తుంది. అంతకు మించి కావాల్సిన కార్డుకు విడిగా వైరు పెట్టాలి: 6 పిన్నులదైతే మరో 75 వాట్లు, 8 పిన్నులదైతే 150. మా కార్డుకు 8 పిన్నుల సాకెట్ ఉంది, మా పాత ఎస్ఎంపీఎస్‌కు ఆ వైరే లేదు. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల వైరు చూడ్డానికి అలాగే ఉంటుంది, పొరపాటున కూడా దాన్ని కార్డులోకి తోయొద్దు. అందులో ప్లస్, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి.

పెట్టె మీద 450 అని రాసినంత మాత్రాన అంత కరెంటు వస్తుందని నమ్మలేం. లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. 18 ఆంపియర్లయితే వచ్చేది 216 వాట్లే, అందులోంచే ప్రాసెసర్ కూడా తాగాలి. డెస్క్‌టాప్ వరకు బాగానే నడిచి, వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే కంప్యూటర్ ఆరిపోతుంటే ముందు ఎస్ఎంపీఎస్‌నే అనుమానించండి.

తెర వచ్చి, విండోస్ మాత్రం కార్డును గుర్తించకపోతే అది చాలావరకు డ్రైవర్ పని. పాత డ్రైవర్ తీసేసి, తయారీ కంపెనీ సైటు నుంచి కొత్తది వేసుకోండి.

ఇన్నీ చేసినా లాభం లేకపోతే, తెలిసినవాళ్ల కంప్యూటర్‌లో ఆ కార్డు పెట్టి చూడండి, దానికి సరిపడా ఎస్ఎంపీఎస్ ఉన్నదాంట్లోనే సుమా. అక్కడా నడవకపోతే బిల్లు వెతికి పెట్టుకోండి, ఇక హైదరాబాద్ ప్రయాణం తప్పదు.