పెట్రోలు పైపు - సైలెన్సరు వేడి
ఆదిలాబాదు, కరీంనగరు ప్రత్తిచేలలో మందు చల్లుటకు వీపున తగిలించుకొను చిన్న పెట్రోలు ఇంజను నడుమ నడుమ ఆగిపోవుచుండును. తప్పు కార్బురేటరుదని తలంతుము. పెక్కుమార్లు అది పైపుదే. పెట్రోలు సుమారు 40 డిగ్రీలకే మరుగ నారంభించును. మన మేనెల ఎండయే దానిని మించును! సైలెన్సరు చెంత సాగు పైపులో ఆవిరి బుడగలు పుట్టి ధార తెగును. ఇంజను ఆగుటతో పోయిన మేలే. వేడికి బిరుసెక్కి బీటలువారిన పైపునుండి కారిన పెట్రోలు ఆవిరికి చిన్న రవ్వ తగిలిన చాలును, మంట లేచును; ఆ మంట మనిషి వీపుననే గదా. అందుబాటులోనున్నదని సైకిలు ట్యూబు ముక్క తొడుగరాదు. అది పెట్రోలులో ఉబ్బి మెత్తబడును. సిలికోన్ పైపు వేడికి ఓర్చునుగాని పెట్రోలుకు ఓర్వదు. నైట్రైలు రబ్బరు పైపును సైలెన్సరుకు ఎడముగా త్రిప్పి బిగింపవలెనని మేము చెప్పుదుము. ఇంజను చల్లారినగాని పెట్రోలు పోయరాదు.