అగ్నిపర్వతమునకు కావలి

అగ్నిపర్వతమనగానే సర్వనాశనము స్ఫురించుట సహజము. 1902 మే 8న కరీబియన్ సముద్రమందలి మార్టినీక్ ద్వీపములో పెలే పర్వతము ప్రేలి, సెయింట్ పియేర్ నగరమును నిమిషములలో భస్మము చేసినది. సుమారు 28,000 మంది మరణించిరి. ఆ శిథిలములను చూచివచ్చిన అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడు థామస్ జాగర్, ప్రేలుడు ముగిసిన పిదప పరుగెత్తుట కంటె కొండచెంతనే కాపురముండి దాని తీరు నెరుగుట మేలని తలచెను. ఆయన కృషి ఫలితముగా 1912లో హవాయి ద్వీపమునందు కిలవేయా పర్వతబిలము అంచున పరిశోధనాలయము వెలసినది.

భూగర్భమున కరగిన శిలాద్రవము పైకి వచ్చునపుడు కొండ ఉబ్బును; ప్రక్కకు తరలిపోవునపుడు క్రుంగును; అది దారి చేసికొనునపుడు చిన్న చిన్న భూకంపములు పుట్టును. సాధనములు ఈ మార్పులను రేయింబవళ్లు కొలుచుచుండును.

2018 మే నెలలో ఈ కావలి అక్కరకు వచ్చినది. శిఖరము క్రింది ద్రవము తూర్పుదిక్కునకు ప్రవహించి, ఇండ్ల నడుమ నేల చీలికలనుండి లావాగా వెలువడినది. ద్రవము తొలగిన శిఖరబిలము 500 మీటర్లకు పైగా కూలినది. పరిశోధనాలయ భవనమే దెబ్బతిని, శాస్త్రజ్ఞులు దానిని విడువవలసివచ్చినది. సుమారు 700 ఇండ్లు లావా పాలైనవి. కపోహో అఖాతము పూడిపోయినది. కాని హెచ్చరికలందిన జనులు తొలగిపోవుటచే ఒక్క ప్రాణమును పోలేదు.

ఆ లావాయే సముద్రమున గడ్డకట్టి, సుమారు 875 ఎకరముల క్రొత్త నేలను ద్వీపమునకు జతచేసినది. ద్వీపమంతయు పుట్టినదీ తీరుననే. అయినను ఇల్లు కోల్పోయినవానికి ఆ నేల దక్కదు. అచటి చట్టము ప్రకారము అది ప్రభుత్వమునకు చెందును. కొండను ఆపుట మానవుని వశము కాదు. దాని దారినుండి తొలగుటకు వలసిన వ్యవధిని మాత్రము ఆ కావలి సంపాదించి ఇచ్చినది.